కుట్లు మానాక

2017 మార్చి 12, ఆదివారం పొద్దున. ఆళ్లగడ్డలో సొంతింట్లో భూమా నాగిరెడ్డి గారికి గుండెపోటు వచ్చింది. ముందు ఊళ్లో ఆసుపత్రికి, అక్కడి నుంచి నంద్యాలకు తీసుకుపోయారు. ప్రాణం దక్కలేదు. ఆయనకప్పుడు 53 ఏళ్లు. నంద్యాల నుంచి మూడుసార్లు లోక్‌సభకు గెలిచిన మనిషి, చనిపోయేనాటికి నంద్యాల ఎమ్మెల్యే. అంతకుముందే ఆయనకు గుండె ఆపరేషన్ అయివుంది. ఆ వారమంతా మా ఊరికి ఎవరికి ఫోన్ చేసినా ఒకటే మాట: "ఆపరేషన్ చేయించుకున్న మనిషే గదా, మళ్లా ఎట్లొచ్చింది?"

ఆ మాట నన్ను వదల్లేదు. ఊరు వదిలి దూరంగా ఉంటున్న మనలో ఎందరి తల్లిదండ్రులో హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో బైపాస్ చేయించుకుని ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల, బనగానపల్లె లాంటి ఊళ్లకు తిరిగి వెళ్లిపోతారు. ఆపరేషన్‌తో జబ్బు పోయిందని వాళ్లూ నమ్ముతారు, దూరాన మనమూ నమ్ముతాం.

అదే నంద్యాల లోక్‌సభ సీటుకు ఇంకో కథ ఉంది. పి.వి. నరసింహారావు గారికి 1990లో హ్యూస్టన్‌లో బైపాస్ జరిగింది. మరుసటి ఏడాది ఆయన ప్రధాని అయ్యారు, నంద్యాల ఉప ఎన్నికలో 5 లక్షల 80 వేల ఓట్ల ఆధిక్యంతో గెలిచారు, ఐదేళ్లు దేశాన్ని నడిపారు. 83 ఏళ్ల వయసులో, 2004 డిసెంబరు 23న కన్నుమూశారు. ఆపరేషన్ తర్వాత పద్నాలుగేళ్లు! ఒకరి గుండెతో పోల్చి ఇంకొకరి గుండె గురించి తీర్పు చెప్పడం తప్పు. ఆ పని నేను చేయను. బైపాస్ తర్వాత నిండు జీవితం ఉండొచ్చు, ముప్పూ ఉండొచ్చు. ఈ రెండూ మన ఊరు కళ్లారా చూసినవే.

బైపాస్ అంటే మూసుకుపోయిన నాళాన్ని బాగుచేయడం కాదు. దాన్ని అట్లాగే వదిలేసి, పక్క నుంచి రక్తానికి కొత్త దారి వేయడం. 1967లో క్లీవ్‌లాండ్‌లో రెనే ఫవలోరో అనే డాక్టర్ కాలి సిరతో ఈ దారి వేసి చూపించాక ప్రపంచమంతా పాకింది. "కాలి నరం తీసి గుండెకేసినారు" అని మనవాళ్లనేది దీన్నే. ఆ సిర పుట్టింది తక్కువ ఒత్తిడితో పారే రక్తం కోసం. ధమని ఒత్తిడి దానికి అలవాటు లేదు. అందుకే ఇట్లా వేసిన సిరల్లో నూటికి పది, పదిహేను మొదటి ఏడాదిలోనే మూసుకుపోతాయి. పదేళ్లకు దాదాపు సగం పాడవుతాయి. రొమ్ము లోపలి ధమనితో వేసిన దారి మాత్రం గట్టిది, పదేళ్ల తర్వాత కూడా నూటికి తొంభై తెరుచుకునే ఉంటాయి. మీ నాన్నగారికి ఏది ఎన్ని వేశారో అడిగి రాసిపెట్టుకోండి. ఇక షుగర్, బీపీ, పొగాకు, కొవ్వు పాత నాళాలను పాడుచేసినట్టే కొత్తవాటినీ పాడుచేస్తాయి. "ఆపరేషన్ అయింది గదా, ఇంక మాత్రలెందుకు?" అని ఆస్పిరిన్, స్టాటిన్ మానేసేవాళ్లను తలుచుకుంటే నాకు భయమేస్తుంది.

ఆసుపత్రిలో ఉండగా వచ్చే చిక్కులను డాక్టర్లు కనిపెట్టుకునే ఉంటారు. రక్తస్రావం, కిడ్నీలు మందగించడం, ఊపిరితిత్తుల్లో నిమ్ము, కొద్దిమందికి పక్షవాతం. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల గుండె లయ తప్పడం ముగ్గురు నలుగురిలో ఒకరికి వస్తుంది, చాలావరకు సర్దుకుంటుంది. పెద్దవాళ్లు ఒకటి రెండు రోజులు మనుషులను గుర్తుపట్టకుండా ఏదేదో మాట్లాడితే ఇంట్లోవాళ్లు హడలిపోతారు. అదీ ఎక్కువమందికి తగ్గిపోతుంది.

నన్ను కలవరపెట్టేది ఇంటికొచ్చాక మొదలయ్యే కాలం. రొమ్ము ఎముకను రంపంతో కోసి, స్టీలు తీగలతో కట్టి పంపుతారు. అది అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, గట్టిపడడానికి మూడు నెలలు. ఆళ్లగడ్డలో రాయి చెక్కే చేతులకు అన్నాళ్లు ఉలి, సుత్తి పక్కన పెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ దగ్గినప్పుడు ఎముక కదిలినట్టు టక్కుమన్నా, గాయం నుంచి చీము కారినా, జ్వరం వచ్చినా ఒక్క రోజు కూడా ఆగకూడదు. షుగర్ ఉన్నవాళ్లకు ఈ బెడద ఎక్కువ.

మూడేళ్ల కింద మా నాయనకు బైపాస్ అయింది. ఆళ్లగడ్డకు తిరిగొచ్చిన పదో రోజు వీడియో కాల్‌లో ఎప్పటిలాగే, "బాగుండా లేరా, నువ్వేం దిగులు పెట్టుకోవద్దు" అన్నాడు. అమ్మ ఫోన్ అటు తిప్పుతుంటే మంచం మీద ఆయన పాదాలు కనబడ్డాయి. సాక్సు అప్పుడే విప్పినట్టున్నాడు. పిక్క కింద సాక్సు అంచు నొక్కుకున్న గాడి, పిండిలో దారం పెట్టి తీసినట్టు, లోతుగా ఉంది. సిర తీసిన కాలు కొంచెం వాయడం మామూలే. ఇక్కడ రెండు కాళ్లకూ ఆ గాడి ఉంది. ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటున్నాడని అమ్మనడిగితే, మూడంది. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పటి బరువు కంటే మూడు కిలోలు పెరిగాడు. మరునాడు నంద్యాలలో చూపిస్తే నీరు పట్టిందని మందులిచ్చారు, వారంలో తేలికపడ్డాడు. ఒక్క రోజులో కిలో, వారంలో రెండు కిలోలు పెరిగితే అది తిండి వల్ల వచ్చిన బరువు కాదు. "బాగున్నావా?" అని అడిగి లాభం లేదు. "పొద్దున బరువెంత? ఎన్ని దిండ్లు? మెట్లెక్కితే ఆయాసమా?" అని అడగాలి. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదా, ఊరికే కళ్లనీళ్లు పెట్టుకుంటున్నాడా అని అమ్మనూ అడగాలి. గుండె ఆపరేషన్ తర్వాత మనసు కుంగిపోవడం చాలామందిలో ఉంటుంది. మనవాళ్లు దాన్ని నీరసమనుకుని వదిలేస్తారు.

ఇంకో మాట మనకు శత్రువు: "గ్యాసు". షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటులో నొప్పే రాకపోవచ్చు. చెమటలు, ఆయాసం, కడుపులో వికారం మాత్రమే రావొచ్చు. సోడా తాగి పడుకున్న ఆ గంటే ప్రాణం తీస్తుంది. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల నలభై కిలోమీటర్లు, అక్కడి నుంచి కర్నూలు ఇంకో డెబ్బై పైనే. 2005లో మొదలైన 108 ఉంది, 2023 నుంచి నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. కానీ ఫోన్ చేయాల్సింది ఇంట్లో ఉన్న మనిషే. కుప్పకూలి ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి. బైపాస్ కుట్లున్నాయని భయపడి చేతులు వెనక్కి తీసుకోవద్దు.

ఆ నీరు పట్టిన వారంలోనే ఒక రాత్రి నాయనకు ఛాతీ బిగపట్టింది. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ ఆపరేషన్ ఏ తారీఖున అయింది, ఏ మందులు వాడుతున్నారని అడిగాడు. "తెల్లవి రెండు, పసుపుదొకటి" అని మా అమ్మ చెప్పింది. డిశ్చార్జ్ కాగితాలు ఇంట్లో బీరువాలో, చీరల కింద ఉన్నాయి. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్‌ను పెద్ద ఆపరేషన్ అయిన కొత్తల్లో మామూలుగా ఇవ్వరు, రక్తస్రావం ముప్పు ఎక్కువ. అంటే ఆ తారీఖు తెలియకపోతే డాక్టర్ చేతులు కట్టేసినట్టే. అదృష్టం కొద్దీ ఆ రాత్రి అది గుండెపోటు కాదు.

ఇప్పుడు ఆ డిశ్చార్జ్ కాగితాల నకలు ప్లాస్టిక్ కవరులో, వంటింటి గోడకు క్యాలెండర్ మేకుకే వేలాడుతోంది. వాటి ఫోటోలు నా ఫోన్‌లో, మా చెల్లెలి ఫోన్‌లో, పక్కింటి పిల్లాడి ఫోన్‌లో ఉన్నాయి. క్యాలెండర్‌లో ప్రతి గడిలోనూ పెన్సిల్‌తో ఆ పొద్దుటి బరువు రాస్తాడు మా నాయన. ఆదివారం ఫోన్ చేస్తే పలకరింపు కంటే ముందే కెమెరాను గోడకు తిప్పుతాడు. నేను ఆ వారం గళ్లన్నీ చదువుకుంటాను.