తడబడే సైనికుడిని గుండె ముందే పట్టిస్తుందా?

ఒత్తిడిలో ఎవరి బుర్ర చురుగ్గా ఉంటుందో, ఎవరిది మొద్దుబారుతుందో ముందే తెలిస్తే ఏ సైన్యానికైనా అంతకన్నా ఏం కావాలి? మనిషిని అడిగితే ‘నాకేం భయం లేదు’ అంటాడు. అందుకే పరిశోధకులు ఒంటినే అడుగుతున్నారు.

ఒత్తిడి నిజంగా బుర్రను అంత దెబ్బతీస్తుందా? శత్రువుకు చిక్కితే ఎలా తట్టుకోవాలో అమెరికా సైన్యం నేర్పే శిక్షణ ఒకటుంది. ఉత్తుత్తి ఖైదీల శిబిరంలో పెట్టి, తిండీ నిద్రా లేకుండా చేసి విచారిస్తారు. యేల్ విశ్వవిద్యాలయ మనోవైద్యుడు చార్ల్స్ మోర్గాన్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో ఈ శిక్షణ పొందినవాళ్లు 500 మందికి పైనే. ఒక్కొక్కరికీ రెండు విచారణలు: ఒకటి చేయి చేసుకునేంత కటువు, రెండోది మాటలతో సరి. ఏదైనా అరగంటకు తక్కువ కాదు. విడుదలైన మర్నాడు కొందరి ముందు మనుషులను వరసగా నిలబెట్టి, ‘నిన్ను విచారించింది ఎవరు?’ అని అడిగారు. మెత్తగా అడిగినవాణ్ని పదిమందిలో ఆరుగురు గుర్తుపట్టారు. కటువుగా అడిగినవాణ్ని ముగ్గురే. అరగంట కళ్లెదుట ఉన్న మొహం! కోర్టుల్లో ప్రత్యక్ష సాక్ష్యాన్ని తూచేవారు ఈ లెక్కను రెండుసార్లు చదవాలి.

ఇక కొలతలు. కార్టిసాల్ అంటే ఒత్తిడిలో అడ్రినల్ గ్రంథులు ఎక్కువగా వదిలే హార్మోను. పొద్దుటి పూట 100 మిల్లీలీటర్ల రక్తద్రవంలో 15 మైక్రోగ్రాములుందనుకోండి. ఒంట్లోని మూడు లీటర్లకు లెక్కేస్తే మొత్తం అర మిల్లీగ్రాము లోపే, అంటే కొద్దిపాటి సన్న ఉప్పు రేణువుల బరువు. రాత్రికి అది బాగా తగ్గుతుంది కనుక, ఏ వేళ తీసిందో రాయని అంకె దండగ.

అదే గ్రంథి నుంచి వచ్చే మరో హార్మోను డీహెచ్‌ఈఏ-ఎస్. కార్టిసాల్‌తో పోలిస్తే ఇది ఎక్కువున్నవారు శిక్షణలో మెరుగ్గా నెట్టుకొచ్చారని మోర్గాన్ బృందమే చూపింది. కానీ ఆ నెత్తురు ఒత్తిడి నడుమ తీసినది. దాన్ని ముందస్తు అంచనా అనలేం.

ముందే చెప్పగలిగింది గుండె. నాడి నిమిషానికి 60 సార్లు కొట్టుకుంటే సరిగ్గా సెకనుకొకటి అనుకుంటాం. నిజానికి ఒక ఎడం 0.95 సెకను ఉంటే, ఇంకోటి 1.05 ఉంటుంది. ఊపిరితో పాటు మారే ఈ తేడా చాలావరకు వేగస్ నాడి పని. గుండె వేగాన్ని తగ్గించే నరం అది. తేడా ఎక్కువుంటే మంచిదని స్మార్ట్‌వాచీలు చెబుతాయి. 2007లో అదే బృందం ప్రచురించిన మూడు అధ్యయనాల్లో లెక్క తలకిందులైంది: శిక్షణకు ముందు ఈ తేడా తక్కువున్న సైనికులే ఒత్తిడిలో బాగా రాణించారు.

మరి వాచీ అబద్ధమాడుతోందా? లేదు. వీళ్లంతా ఏరి తెచ్చిన ఆరోగ్యవంతులైన మగవాళ్లు. రోగులనూ ఆరోగ్యవంతులనూ వేరుచేసే సూత్రం, వీళ్లలో వీళ్లను వేరుచేయాలని లేదు.

ఇలాంటి అంకె చూసి ఒకణ్ని ఇంటికి పంపేయొచ్చా? సహసంబంధం అంటే రెండు అంకెలు ఎంతగా కలిసి కదులుతాయో చెప్పే కొలత. పూర్తిగా కలిస్తే 1. అది 0.5 ఉందనుకుందాం. ఇలాంటి పరిశోధనల్లో అది పెద్దదే. అయినా దాన్ని దానితోనే గుణిస్తే 0.25. అంటే సైనికుడికీ సైనికుడికీ మధ్య కనిపించే తేడాల్లో పావు వంతే ఈ కొలతకు అందుతుంది. మిగతా ముప్పావులో నిద్ర, అనుభవం, పక్కన నిలబడ్డ తోటివాడు అన్నీ ఉంటాయి. వందమందిలో ఎవరికి అదనపు సాధన ఇవ్వాలో తేల్చుకోవడానికి ఆ పావు వంతు పనికొస్తుంది, ఒకడి ఉద్యోగం తీసేయడానికి చాలదు.