పిట్టలకు ఏం పెట్టాలి? ఎందులో పెట్టాలి?



ఎండలు ముదిరేసరికి మనలో చాలామంది డాబా మీద నాలుగు గింజలు, ఇన్ని నీళ్ళు పెడుతూ వుంటాం. 2010 నుంచి ఏటా మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినం కూడా జరుపుతున్నారు. మంచిదే. కానీ తెలిసి పెట్టకపోతే పిచ్చుకకని పోసింది పావురాల పాలవుతుంది.

ముందు పిట్ట ముక్కు చూడండి. పిచ్చుకది పొట్టిగా, లావుగా వుంటుంది. గింజ పొట్టు వొలిచే ముక్కు అది. దానికి కొర్రలు, సజ్జలు, వడ్లు, నూకలు పెట్టండి. గోరింకకూ, పిగిలిపిట్టకూ పండ్లంటే ఇష్టం. మగ్గిన జామపండో, బొప్పాయి ముక్కో పిట్టగోడ మీద పెడితే చాలు. తేనెపిట్టది సన్నటి వంకర ముక్కు. దానికి పంచదార నీళ్ళు వద్దు. ఒక మందార మొక్క, ఒక నూరువరహాల మొక్క వేసుకోండి.

మన తెలంగాణ రాష్ట్రపక్షి పాలపిట్ట మాత్రం ఎన్ని గింజలు పోసినా రాదు. అది మిడతల్నీ, పురుగుల్నీ పట్టి తింటుంది. మా ఇబ్రహీంపట్నంలో అయితే పెద్దచెరువు వైపు పొలాల్లో కరెంటు తీగల మీద వెతకాలి. దసరానాడు దాన్ని అలాగే చూడాలి గాని, పంజరంలో పెట్టి తెచ్చినవాడికి డబ్బులిచ్చి చూడకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం నేరం. రామచిలుకను పంజరంలో పెంచినా అంతే.

ఇక ఎందులో పెట్టాలంటారా? మన పెద్దవాళ్ళు కోతలప్పుడు వరికంకుల్ని కుచ్చుగా అల్లి చూరుకూ, గుడి మండపంలోనూ వేలాడదీసేవారు. అందులో ఎంత తెలివి వుందో చూడండి. కుచ్చు గాలికి వూగుతుంది. తేలికైన పిచ్చుక కంకిని పట్టుకుని వేలాడుతూ తింటుంది. బరువైన పావురం అలా నిలవలేదు. వాననీరు నిలవదు, కడిగే పనీ లేదు. కంకులు దొరక్కపోతే కొబ్బరిచిప్పకు అడుగున చిన్న చిల్లి పెట్టి, మూడు తాళ్ళతో వేలాడదీయండి. వెడల్పు పళ్ళెం పెట్టారంటే పావురాల గుంపు దిగుతుంది. వాటి రెట్ట ఎండి దుమ్మయితే, రోజూ పీల్చేవాళ్ళ ఊపిరితిత్తులకు ముప్పు. అందుకే రెట్టను పొడిగా ఊడవక, నీళ్ళు చల్లి తియ్యండి.

పెట్టకూడనివీ వున్నాయి. కారప్పూస, చిప్స్ వంటి ఉప్పు తిండి వద్దు. బ్రెడ్డు కడుపు నింపుతుందే గాని బలమివ్వదు. రాత్రి మిగిలిన అన్నం ఎండకు పులిసిపోతుంది. బూజు పట్టిన వేరుశనగలో విషముంటుంది. మనం తినం, పిట్టకూ పెట్టొద్దు. విత్తనాల దుకాణంలో రంగు పూసి అమ్మే గింజలు అసలే వద్దు, వాటికి మందు పట్టించి వుంటుంది. ఏది పెట్టినా సాయంత్రానికి అయిపోయేంతే పెట్టండి. మిగిలితే ఎలుకలు వస్తాయి.

నీళ్ళకు మట్టి మూకుడు మేలు. రెండంగుళాల లోతు మించకూడదు. మధ్యలో ఒక రాయి వుంచితే చిన్న పిట్ట నిలబడి తాగుతుంది. నీళ్ళు రోజూ పారబోసి కొత్తవి పొయ్యండి. వారం పైబడి నిలవుంటే దోమలు పుట్టుకొస్తాయి. మూకుణ్ణి వారానికోసారి వేడినీళ్ళతో తోమి ఎండబెట్టండి. మురికి గిన్నె వల్ల ఒక పిట్ట రోగం ఇంకో పిట్టకు అంటుతుంది. పొదల పక్కన పెట్టకండి, పిల్లి పొంచి వుంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటుంది. పెద్ద పిచ్చుక గింజలు తిని బతుకుతుంది గాని, గూట్లో కళ్ళు తెరవని పిల్ల గింజ అరిగించుకోలేదు. దానికి తల్లీతండ్రీ మెత్తని పురుగులు తెచ్చి నోట్లో పెట్టాలి. మనం డాబా మీద కొర్రలు పోసి, పెరట్లో వంగమొక్కకూ, కరివేపాకుకూ మందు కొడితే ఆ పురుగులెక్కడివి? పెద్ద పిట్టలు మన గింజలు తింటూనే వుంటాయి, గూట్లో పిల్లలు మాడిపోతాయి. పురుగు పట్టిన ఆకును చేత్తో తుంచేయండి. కరివేపాకు చెట్టు మీద నాలుగు గొంగళిపురుగులు కనబడితే మందు డబ్బా తియ్యకుండా రెండు రోజులు ఓపిక పట్టండి. వాటికోసం వచ్చే పిట్ట ఏదో మీరే చూస్తారు.