అచ్చులో అక్షరం

రంజాన్ నెల దగ్గర పడుతున్నప్పుడు, పెళ్లిళ్ల కాలంలో మన బజారుల్లో ఒక వస్తువు విరివిగా కనిపిస్తుంది. అది గోడకు తగిలించుకునే తెల్లని ఫలకం. దాని నడుమ బంగారు రంగు పూసిన అరబీ అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటాయి. కొన్నింటిపై బిస్మిల్లాహ్, కొన్నింటిపై అల్లాహ్ శుభనామాలు, మరికొన్నింటిపై పూలు, తీగలు, నక్షత్రాలు. ఇలాంటివాటిని ఇప్పుడు మన సోదరీమణులు కొందరు ఇంట్లోనే పోత పోసి అమ్ముతున్నారు. దీనికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. వంట ముగిసిన తర్వాత మిగిలిన రెండు గంటల సమయం, ఒక చదునైన బల్ల, రెండు గిన్నెలు చాలు. గడప దాటకుండానే నాలుగు రూపాయలు సంపాదించే మార్గం కావడం వలన ఎందరికో ఇది ఆసరా అవుతున్నది. సంతోషించవలసిన విషయమే.

అయితే ఈ పనికి ఒక స్వభావం ఉంది. చేతితో రాసేవాడు ఒకచోట పొరపడితే ఆ ఒక్క కాగితమే చెడుతుంది. అచ్చులో పొరపాటు చేరితే దాని నుండి వచ్చే ప్రతి వస్తువులోనూ అదే పొరపాటు ఉంటుంది. అచ్చుకు విచక్షణ లేదు, తనకు ఇచ్చినదానిని తిరిగి ఇవ్వడమే దానికి తెలిసిన విద్య. కనుక ఈ పనిలో శ్రద్ధ అంతా పోత పోయడానికి ముందే పెట్టాలి. పవిత్ర పదాలను పోత పోసేటప్పుడు ఈ శ్రద్ధ బాధ్యతగా మారుతుంది.

అచ్చు పని తీరు

కుల్ఫీ అచ్చు అందరికీ తెలిసినదే. దాని నోరు వెడల్పుగా, అడుగు సన్నగా ఉంటుంది. అందుకే గడ్డకట్టిన కుల్ఫీ సులభంగా జారి బయటికి వస్తుంది. నోరు ఇరుకుగా, పొట్ట పెద్దదిగా ఉన్న కూజాలో పాలు గడ్డకట్టిస్తే కూజాను పగులగొట్టవలసినదే. పోత పనిలో ఇది మొదటి పాఠం. అంచులు బయటివైపునకు వాలుగా ఉండాలి, లోపలికి మళ్లి ఉండకూడదు. రబ్బరు అచ్చు వంగుతుంది గనుక కొంత లోమడతను భరిస్తుంది. గట్టి అచ్చు ఏమాత్రం భరించదు.

మన పూర్వికులకు ఈ సూత్రం బాగా తెలుసు. హిజ్రీ 221, అనగా క్రీ.శ. 836లో అబ్బాసీ ఖలీఫా ముఅతసిమ్ ఇరాక్‌లో సామర్రా నగరాన్ని నిర్మించాడు. అక్కడి భవనాల గోడలకు మెత్తిన గారపై మూడు రకాల అలంకరణ శైలులను పరిశోధకులు గుర్తించారు. వాటిలో మూడవదానిలో గీతల అంచులన్నీ ఏటవాలుగా ఉంటాయి. ఆ వాలు వలన అచ్చును ఒత్తి చెక్కుచెదరకుండా తీయడం, విశాలమైన గోడలను త్వరగా నింపడం సాధ్యమైంది. స్పెయిన్‌లోని గ్రనాడాలో, అల్‌హమ్రా సౌధంలో పద్నాలుగవ శతాబ్దపు పనివారు చెక్కడంతో పాటు అచ్చులను కూడా వాడారు. ఇక మన సమీపంలోని బీదర్‌లో బిద్రీ పాత్రలను నేటికీ మట్టి అచ్చులలోనే పోత పోస్తున్నారు. ఆముదం, గుగ్గిలం వంటి జిగురు కలిపి మెత్తపరచిన మట్టితో అచ్చు చేసి, కరిగించిన తుత్తునాగం, రాగి మిశ్రమాన్ని అందులో పోస్తారు. పదహారు పాళ్ల తుత్తునాగానికి ఒక పాలు రాగి. అచ్చు మంచిదైతేనే పైన వెండి పొదిగే పనికి విలువ.

ఇంట్లో ప్లాస్టర్ పోత

ఇంటి పనికి అనువైనది ప్లాస్టర్ ఆఫ్ పారిస్. జిప్సం అనే రాయిని సుమారు 150 డిగ్రీల వేడికి గురిచేస్తే దానిలోని నీటిలో మూడు వంతులు పోయి పొడి అవుతుంది. మనం నీళ్లు కలిపినప్పుడు ఆ పొడి తాను కోల్పోయిన నీటిని తిరిగి తీసుకుని మళ్లీ రాయిగా మారుతుంది. గట్టిపడేటప్పుడు అది రవ్వంత వ్యాకోచిస్తుంది. అందువల్లనే అచ్చులోని సన్నని గీత కూడా దానిలో స్పష్టంగా పడుతుంది.

ముందుగా నమూనా కావాలి. నమూనా చుట్టూ అట్టతోనో, ప్లాస్టిక్ పలకతోనో గోడ కట్టి సిలికాన్ రబ్బరు పోయాలి. రెండు సీసాలలో వచ్చే ఈ రబ్బరును డబ్బాపై సూచించిన పాళ్లలో తూకం వేసి కలపాలి, కంటి అంచనా పనికిరాదు. దానిలో ఒక రకం గంధకం కలిసిన మట్టి నమూనాను తాకితే గట్టిపడక జిగటగా మిగిలిపోతుంది. కనుక నమూనాపై ఒక మూల కొద్దిగా పూసి పరీక్షించిన తర్వాతనే మొత్తం పోయాలి. చెక్క నమూనా అయితే వార్నిష్ పూసి రంధ్రాలు మూయాలి, లేకుంటే రబ్బరు చెక్కలోకి దిగి పట్టుకుంటుంది.

అచ్చు సిద్ధమైన తర్వాత ఒక గ్లాసు నీటికి సుమారు రెండు గ్లాసుల ప్లాస్టర్ పొడి చొప్పున తీసుకోవాలి. నీటిలో పొడి చల్లాలే గాని పొడిపై నీళ్లు పోయరాదు. ఒకటి రెండు నిమిషాలు నాననిచ్చి, గాలి చొరబడకుండా మెల్లగా కలిపి, అచ్చులో ఒక మూల నుండి సన్నని ధారగా పోయాలి. తర్వాత బల్లను కింది నుండి మెల్లగా తట్టితే బుడగలు పైకి వస్తాయి. అరగంట నుండి ముప్పావు గంటలో ఫలకం బయటికి తీయవచ్చు. కాని పూర్తిగా ఆరడానికి కొన్ని రోజులు పడుతుంది. తడి ఆరకముందే రంగు వేస్తే పొరలుగా ఊడిపోతుంది.

చుక్క పోయినా, చుక్క చేరినా

ఇంతవరకు చెప్పినది చేతి పని. ఇకపై చెప్పేది అక్షరం సంగతి. అరబీలోని 28 అక్షరాలలో 15 అక్షరాలకు చుక్కలున్నాయి. హా, జీమ్, ఖా అనే మూడు అక్షరాల ఆకారం ఒక్కటే. చుక్క లేకుంటే హా, కింద చుక్క ఉంటే జీమ్, పైన ఉంటే ఖా. రహీమ్ అంటే కరుణామయుడు. అందులోని హా కింద ఒక్క చుక్క చేరితే అది రజీమ్ అవుతుంది. రజీమ్ షైతానుకు వాడే విశేషణం, బహిష్కృతుడు అని అర్థం. ఖాలిఖ్ అంటే సృష్టికర్త. దాని మొదటి అక్షరంపై చుక్క పోతే హాలిఖ్ అవుతుంది, అంటే క్షురకర్మ చేసేవాడు.

ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. పోత పనిలో ఈ రెండు ప్రమాదాలూ సహజంగానే పొంచి ఉన్నాయి. రబ్బరు పోసేటప్పుడు నమూనాను అంటుకుని ఒక గాలి బుడగ నిలిచిపోయిందనుకోండి. అచ్చులో అక్కడ చిన్న గుంట ఏర్పడుతుంది. ఆ గుంట ప్రతి ఫలకంపైనా ఒక బొడిపెగా, అనగా అక్కరలేని చుక్కగా వస్తుంది. దీనికి విరుద్ధమైనది రెండవ ప్రమాదం. నమూనాలోని అసలు చుక్క అచ్చులో చిన్న లోతైన గుంటగా ఉంటుంది. ప్లాస్టర్ పోసినప్పుడు ఆ గుంటలో గాలి చిక్కుకుంటే ప్లాస్టర్ లోనికి పోదు, ఫలకంపై ఉండవలసిన చుక్క మాయమవుతుంది.

రెండింటికీ ఉపాయం ఒక్కటే. రబ్బరు పోయడానికి ముందు మెత్తని కుంచెతో నమూనా అంతటా పలుచని పొర పూయాలి. అలాగే ప్లాస్టర్ పోయడానికి ముందు అచ్చులోని ప్రతి చుక్కలోనూ కుంచె మొనతో పలుచని ప్లాస్టర్ నింపాలి. అయిదు నిమిషాల పని ఇది.

నమూనా దగ్గరే పుట్టే తప్పులు

యంత్రంతో కోసిన చెక్క అక్షరాలను చాలామంది నమూనాలుగా వాడుతున్నారు. అక్షరాలు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి, కాని చుక్కలు విడి ముక్కలుగా వస్తాయి. వాటిని జిగురుతో అతికించవలసినది మనమే. కోత కోసే దుకాణంలోని పనివానికి అరబీ తెలియకపోవచ్చు. పొట్లంలో ఒక చుక్క తక్కువ పడినా అతనికి తెలియదు. కంప్యూటర్‌లోనూ జాగ్రత్త అవసరం. అరబీ లిపికి అనువుగా లేని కొన్ని డిజైన్ ప్రోగ్రాములలో అతికిస్తే అక్షరాలు విడిపోయి, ఎడమ నుండి కుడికి తిరగబడి వస్తాయి. చదవడం రానివారికి అది అందమైన లిపిగానే కనిపిస్తుంది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. సబ్బుపైనో మట్టిపైనో నేరుగా లోతుగా అక్షరాలు చెక్కి, దానినే అచ్చుగా వాడదలచితే అక్షరాలను తిరగేసి చెక్కాలి. రబ్బరు స్టాంపును చూసినవారికి ఇది అర్థమవుతుంది. నేరుగా చెక్కితే ఫలకంపై అద్దంలో చూసినట్లు తలకిందుల రాత వస్తుంది. ఉబ్బెత్తు నమూనా చేసి దానిపై రబ్బరు పోసి అచ్చు తీస్తే ఈ బాధ ఉండదు. రెండుసార్లు తిరగబడి రాత సరిగానే వస్తుంది.

అచ్చులోని తప్పు ఎంత దూరం పోతుందో చెప్పే ఉదంతం ఒకటి చరిత్రలో ఉంది. పూర్వం ముద్రణకు వాడే సీసపు అక్షరాలను కూడా అచ్చులలో లోహం కరిగించి పోసి తయారు చేసేవారు. వెనిస్ నగరంలో పగనీనో పగనీనీ, ఆయన కుమారుడు అలెస్సాండ్రో కలిసి 1537–38 ప్రాంతంలో ఖుర్ఆన్‌ను అరబీ లిపిలో ముద్రించారు. అచ్చుయంత్రంపై వెలువడిన తొలి సంపూర్ణ ఖుర్ఆన్ అదే. కాని వారి అక్షరాలలో దాల్‌కు, జాల్‌కు భేదం చూపవలసిన చుక్క విషయంలో లోపాలు దొర్లాయి. ఎన్నో పుటలలో అదే తప్పు మళ్లీ మళ్లీ వచ్చింది. ఆ వ్యాపారం ఫలించలేదు. శతాబ్దాల పాటు కనబడకుండా పోయిన ఆ ముద్రణకు చెందిన ఒక ప్రతి వెనిస్‌లోని ఒక క్రైస్తవ మఠ గ్రంథాలయంలో దొరికిన సంగతి 1987లో లోకానికి తెలిసింది. పనితనం, పెట్టుబడి రెండూ ఉన్నా అక్షరం తెలిసినవారి చేత సరిచూపించకపోతే ఏమవుతుందో ఈ ఉదంతం చెబుతున్నది.

కనుక నా మనవి ఇది. నమూనా తయారైన వెంటనే, రబ్బరు పోయకముందే, దానిని ఖుర్ఆన్ చక్కగా చదవగలిగిన ఇద్దరికి చూపించండి. మీ మస్జిద్ ఇమాము గారు కావచ్చు, హాఫిజ్ అయిన మీ అన్నయ్య కావచ్చు, మదరసాలో చదువుతున్న మీ అమ్మాయే కావచ్చు. తొలి ఫలకాన్ని కూడా ముస్‌హఫ్ పక్కన పెట్టి చుక్క చుక్కా లెక్కించండి. మా మదరసాకు ఫలకం తెచ్చి "హజ్రత్, ఇది సరిగా ఉందా?" అని అడిగేవారు ఉన్నారు. వారు అడగడానికి సిగ్గుపడనక్కరలేదు, చూడడానికి మాకు శ్రమా లేదు.

చెడిన ఫలకాలను చెత్తబుట్టలో వేయకండి. ప్లాస్టర్‌ను నీటిలో నానబెట్టి గరుకు కాగితంతో రుద్దితే అక్షరాలు చెరిగిపోతాయి. మిగిలిన ముక్కలను కాళ్లు పడని శుభ్రమైన చోట పూడ్చవచ్చు. శుభనామాలున్న ఆకృతులను టీ కప్పుల కింది బిళ్లలుగా, చెప్పుల దగ్గర పెట్టే వస్తువులుగా, మరుగుదొడ్డి గోడ అలంకారాలుగా పోత పోయవద్దు. బజారులో మనుషుల, జంతువుల ఆకారాల అచ్చులు కూడా దొరుకుతాయి. ప్రాణుల పూర్తి విగ్రహాలను ఇంటి అలంకారంగా చేయడాన్ని ధర్మ పండితులలో అత్యధికులు నిషేధించారు. ఆకులు, పూలు, పండ్లు, ఎనిమిది కోణాల నక్షత్రాలు, జాలీ నమూనాలు కావలసినన్ని ఉన్నాయి. కొత్తగా నేర్చుకునేవారు వాటితోనే మొదలుపెట్టి, చేయి కుదిరిన తర్వాత అక్షరాల జోలికి వెళ్లడం మంచిది.

ఆరోగ్యం కూడా అమానతే

ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. మందపాటి ముద్దలో ఆ వేడి 60 డిగ్రీల వరకు చేరగలదు. 2007లో ఇంగ్లండ్‌లో ఒక విద్యార్థిని చేతి ముద్ర తీయడానికి ప్లాస్టర్‌లో చేతులు ముంచి, అవి అందులో చిక్కుకుని తీవ్రంగా కాలిపోయి తన వేళ్లలో చాలా వరకు కోల్పోయింది. కనుక పిల్లల చేతులను ప్లాస్టర్‌లో ఎన్నడూ ముంచనీయకండి. పొడి కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. మిగిలిన ప్లాస్టర్‌ను సింకులో పారబోస్తే గొట్టంలోనే రాయి అవుతుంది. దానిని పాత కాగితంలో గట్టిపడనిచ్చి తీసి పారవేయండి.

గాజులా మెరిసే రెసిన్ పోత ఇంకా జాగ్రత్తగా చేయవలసినది. గట్టిపడక ముందు దానిని చేతితో తాకుతూ ఉంటే కొందరికి జీవితాంతం వదలని చర్మపు దద్దుర్లు వస్తాయి. చేతి తొడుగులు, తెరిచిన కిటికీలు తప్పనిసరి. వంటగదిలో ఆ పని వద్దు, పసిపిల్లలున్న గదిలో అసలే వద్దు.

అమ్మేటప్పుడు ఉన్నది ఉన్నట్లు చెప్పండి. ప్లాస్టర్‌ను పాలరాయి అనకండి, బంగారు రంగును బంగారు పూత అనకండి. తడి తగిలే గోడకు పనికిరాదని ముందే తెలియజేయండి. అంచు విరిగి అతికించినదానిని ధర తగ్గించి, ఆ సంగతి చెప్పి అమ్మండి. మీ ఫలకం కొన్న ఇంటివారు దాని కింద కూర్చుని పిల్లలకు అక్షరాలు చూపించి చదివిస్తారు. ఆ పిల్లవాడు తొలిసారి కూడబలుక్కుని చదివే పదం మీ అచ్చు నుండి వచ్చినది కావచ్చు. అది సరైన పదంగా ఉండేలా చూడవలసిన పని మీ చేతిలో ఉంది. అల్లాహ్ మీ చేతి పనిలో శుభాన్ని, మీ సంపాదనలో సమృద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.