దీవికి వెళ్తున్నారా? మందుల సంచి ఇంట్లోనే సర్దండి!

అండమాన్ ట్రిప్ అనగానే మనం ముందు చూసేది రాధానగర్ బీచ్ రీల్స్. తర్వాత హోటల్ రేట్లు. ఆ తర్వాత ఏ రోజు ఏ డ్రెస్ వేసుకోవాలన్న చర్చ. మందుల సంగతి మాత్రం బయల్దేరే ముందురోజు రాత్రి గుర్తొస్తుంది. అప్పుడు కూడా "ఒక డోలో స్ట్రిప్ వేసుకో చాలు, మిగతావి అక్కడ కొనుక్కుందాంలే" అనేసి జిప్ లాగేస్తాం.

గోవాకి ఈ మాట చెల్లుతుంది. దీవికి చెల్లదు. హైదరాబాద్ నుంచి శ్రీ విజయపురం (మొన్నటిదాకా పోర్ట్‌బ్లెయిర్ అన్నాం కదా, 2024లో పేరు మారింది) విమానంలో రెండున్నర గంటలే. కానీ మనం వెళ్లేది అక్కడితో ఆగదు. స్వరాజ్ ద్వీప్, అంటే పాత హేవ్‌లాక్, అక్కణ్నుంచి ఫెర్రీలో మరో రెండు గంటలు. స్వరాజ్ ద్వీప్‌లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది. పెద్దాసుపత్రి జి.బి.పంత్ మాత్రం శ్రీ విజయపురంలోనే. మధ్యలో సముద్రం. అక్కడ దూరాన్ని కిలోమీటర్లలో కాదు, తర్వాతి పడవ ఎప్పుడన్న లెక్కలో చూడాలి.

డాక్టర్ వేసిన ప్రశ్న

డిసెంబర్ మొదటి వారంలో మేం నలుగురం వెళ్లాం. అక్క, బావ, పిన్ని కొడుకు, నేను. అక్కకి పదమూడో ఏట నుంచి టైప్-1 డయాబెటిస్. రోజుకి నాలుగుసార్లు ఇన్సులిన్ పడాల్సిందే. తమ్ముడికి ఆస్తమా, ఇన్‌హేలర్ జేబులోనే ఉంటుంది. ప్లానింగ్ అంతా నాది కాబట్టి మూడు వారాల ముందే అక్కతో పాటు డాక్టర్ దగ్గరికి వెళ్లాను.

ఆయన ఒకటే అడిగారు: "ఒకవేళ పడవలు ఆగిపోతే ఎన్ని రోజులకి సరిపడా మందుంటుంది మీ దగ్గర?"

ట్రిప్ ఏడు రోజులు. మేం పద్నాలుగు రోజులకి సరిపడా ఇన్సులిన్ తీసుకున్నాం. అదీ రెండు భాగాలు చేసి, ఒకటి అక్క బ్యాగులో, ఒకటి బావ బ్యాగులో. రెండూ క్యాబిన్ బ్యాగులే. చెకిన్ లగేజీలో ఇన్సులిన్ వేయకూడదు. బ్యాగు దారి తప్పొచ్చు, కింద కార్గోలో మరీ చల్లబడొచ్చు కూడా. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనికిరాదు. హోటల్ ఫ్రిజ్‌లో పెట్టినా ఫ్రీజర్‌కి దూరంగా పెట్టండి. వాడుతున్న పెన్నుని సాధారణంగా 30 డిగ్రీలు దాటని చోట ఉంచితే చాలు. ఇసుకలో, స్కూటీ డిక్కీలో వదిలేస్తే మాత్రం అంతే సంగతులు. డాక్టర్ చీటీ ఫోన్లో ఒక ఫొటో, చేతిలో ఒక జిరాక్స్ ఉంచుకున్నాం.

థైరాయిడ్, బీపీ, ఫిట్స్, అలర్జీ... రోజూ వేసుకునే మందు ఏదైనా ఇదే సూత్రం: అవసరానికి రెట్టింపు, రెండు బ్యాగుల్లో. పనిలోపనిగా టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు తీసుకున్నారో అడగండి. చివరి డోసు పడి పదేళ్లు దాటితే డాక్టర్ బూస్టర్ వేస్తారు. పగడపు రాళ్లు గీసుకుపోవడం అక్కడ మామూలే.

రెండో బ్యాగు పనికొచ్చింది

నాలుగో రోజు బంగాళాఖాతంలో అల్పపీడనం. గాలి, వాన. ఫెర్రీలు ఆపేశారు. అదే రోజు పొద్దున అక్క పెన్ను చేయి జారి బాత్రూం టైల్స్ మీద పడి, లోపలి క్యాట్రిడ్జ్ పగిలింది. కొత్తది దొరుకుతుందేమోనని బావా నేనూ మార్కెట్‌లోని మందుల షాపుకి వెళ్లాం.

షాపాయన మా మాటలు విని తెలుగులోనే పలకరించాడు. వాళ్ల తాతది శ్రీకాకుళం వైపు. అక్కడ మనవాళ్లు తరాల కిందటే వెళ్లి స్థిరపడ్డారు, వీధుల్లో తెలుగు బాగానే వినిపిస్తుంది. "మాత్రలంటే ఇస్తాను బాబూ. ఈ రకం ఇన్సులిన్ నా దగ్గర లేదు. పడవ తిరిగితే అట్నుంచి తెప్పించాలి" అన్నాడు.

పడవ తిరిగింది మూడో రోజు. విమానం తేదీ మార్చుకున్నాం, హోటల్‌కి రెండు రాత్రులు అదనంగా కట్టాం. నష్టం డబ్బులతోనే పోయింది. టైప్-1 ఉన్నవాళ్లకి ఇన్సులిన్ పూర్తిగా ఆగితే ఒంట్లో కీటోన్లు పేరుకుపోయి, ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. బావ బ్యాగులో ఉన్న ఆ రెండో డబ్బా వల్లే ఆ రెండు రోజులూ మేం కిటికీలోంచి వాన చూస్తూ పేకాడుకున్నాం.

అందుకే దీవి నుంచి బయటపడే రోజుకీ, ఇంటికెళ్లే విమానానికీ మధ్య ఒక ఖాళీ రోజు పెట్టుకోండి.

స్కూబా ఫామ్‌లో అబద్ధం రాయొద్దు

స్కూబాకి ముందు ఒక ఫామ్ ఇస్తారు. ఆస్తమా ఉందా, షుగర్ ఉందా, ఫిట్స్ వచ్చాయా, గుండె జబ్బుందా అని వరసగా ఉంటుంది. మా పక్కనే ఫామ్ నింపుతున్న ఒకాయన తమ్ముడితో "అన్నిటికీ 'నో' కొట్టేయ్ బ్రో, అందరూ అదే చేస్తారు" అన్నాడు. తమ్ముడు నా వైపు చూశాడు. "అన్నయ్యా, నాకు ఆర్నెల్లుగా ఆస్తమా రాలేదు కదా?"

నీళ్లలో పది మీటర్ల లోతుకి వెళ్తే మన మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. అక్కడ పీల్చిన గాలి పైకి వస్తున్నకొద్దీ వ్యాకోచిస్తుంది. ఆస్తమాతో శ్వాసనాళాలు బిగుసుకుంటే ఆ గాలి బయటికి రాలేక ఊపిరితిత్తులే చిరిగే ప్రమాదం ఉంది. ఇన్సులిన్ వాడేవాళ్లకి లో-షుగర్ వస్తే వణుకు, తికమక. నీళ్లలో దాన్ని చలి అనుకుంటారు. స్పృహ తప్పితే నోట్లో రెగ్యులేటర్ నిలవదు. ఇలాంటివాళ్లు డైవ్ చేయకూడదని కాదు, డైవింగ్ గురించి తెలిసిన డాక్టర్ పరీక్షించి సరేనని రాసివ్వాలి.

ఇద్దరూ 'యెస్' అనే రాశారు. సర్టిఫికెట్ లేదు కాబట్టి డైవ్ లేదన్నారు. తమ్ముడు ఆ పూటంతా మూతి ముడుచుకున్నాడు. మర్నాడు గ్లాస్ బాటమ్ బోట్‌లో కాళ్ల కింద చేపల గుంపు చూసి కాస్త కరిగాడు. మీకు స్కూబా మీద అంత మనసుంటే, ఆ సర్టిఫికెట్ సంగతి ఇంటి దగ్గరే తేల్చుకుని వెళ్లండి. జలుబు, చెవిపోటు ఉన్న రోజు మాత్రం ఎవరూ దిగొద్దు.

డైవ్ చేసిన వెంటనే విమానం ఎక్కకూడదు. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఒకటికి మించితే 18 గంటలు ఆగాలి. లేదంటే రక్తంలో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టే ప్రమాదం ఉంది. స్కూబాని చివరి రోజుకి పెట్టుకోకండి.

ఎండ, దోమ, మొసలి

అక్కడ ఎండ మబ్బు పట్టినా కాలుస్తుంది. ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆపైన ఉన్న సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ రాయాలి. స్నార్కెలింగ్‌లో ముఖం కిందికి, వీపు పైకి ఉంటుంది, కాలేదంతా వీపే. ఫుల్ హ్యాండ్స్ స్విమ్ టీషర్టు వేసుకుంటే ఆ బాధ ఉండదు. దోమల క్రీమ్ కూడా రాసుకుంటారు కదా, ముందు సన్‌స్క్రీన్, దాని మీద దోమల క్రీమ్. డెంగీ దోమ పగలు కుడుతుంది, మలేరియా దోమ చీకటి పడ్డాక. డిసెంబర్‌లో అక్కడ సాయంత్రం 5 దాటగానే చీకటి పడుతుంది, ఆలోపే ఒళ్లంతా కప్పే బట్టల్లోకి మారిపోండి.

మొసళ్ల బోర్డులు అలంకారానికి పెట్టినవి కావు. 2010లో స్వరాజ్ ద్వీప్‌లోనే స్నార్కెలింగ్ చేస్తున్న ఒక అమెరికన్ టూరిస్టు ఉప్పునీటి మొసలి దాడిలో చనిపోయింది. మడ అడవుల పక్కన, వాగులు కలిసే చోట నీళ్లలో దిగొద్దు. లైఫ్‌గార్డు విజిల్ వేస్తే "ఇంకో ఫొటో" అనకుండా బయటికి వచ్చేయండి.

మా సంచిలో ఉన్నవి

* రోజూ వేసుకునే మందులు రెట్టింపు, చీటీ కాపీ
* ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు (ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు తాగే నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో గీతకి సరిగ్గా కొలిచి)
* పారాసిటమాల్. ఆ సీజన్లో జ్వరం డెంగీ కావచ్చు, కాబట్టి ఆస్పిరిన్, బ్రూఫెన్ జోలికి పోవద్దు
* పడవలో కడుపు తిప్పకుండా డాక్టర్ రాసిన మాత్ర. ఎక్కడానికి అరగంట, గంట ముందే వేసుకోవాలి. మత్తుగా ఉంటుంది, ఆ పూట స్కూటీ నడపొద్దు
* యాంటీసెప్టిక్, దూది, బ్యాండేజీ, అలర్జీ మాత్రలు
* గ్లూకోజ్ పొడి, బిస్కెట్లు. ఈతకి షుగర్ త్వరగా పడిపోతుంది, అక్క నీళ్లలో దిగే ముందు ప్రతిసారీ చెక్ చేసుకునేది
* నీళ్లు తగలని పౌచ్, నీళ్లలో వేసుకోగల చెప్పులు

తిరిగొచ్చాక మరో నెల

ఇంటికొచ్చి ఫొటోలు పోస్ట్ చేశాక ట్రిప్ అయిపోయిందనుకుంటాం. మలేరియా వారాల తర్వాత, ఒక్కోసారి నెలల తర్వాత కూడా బయటపడొచ్చు. ఎలుకల మూత్రం కలిసిన బురద నీళ్ల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ అండమాన్‌లో ఎప్పట్నుంచో ఉంది, అది బయటపడటానికి నెల దాకా పట్టొచ్చు. మొదట్లో రెండూ మామూలు వైరల్ జ్వరంలాగే ఉంటాయి. వాన నీళ్లలో నడిచారా, కాలికి గాయమైందా గుర్తుపెట్టుకోండి. జ్వరం వస్తే డాక్టర్ ముందు కూర్చోగానే "అండమాన్ వెళ్లొచ్చానండీ" అని చెప్పండి. ఆయన రాసే పరీక్షలు ఆ ఒక్క మాటతో మారిపోతాయి.