పదికి పది బుడగలు

పెనుకొండ బాబయ్య ఉరుసు కానీ, ధర్మవరం చెన్నకేశవుడి తేరు కానీ, హిందూపురంలో ఎగ్జిబిషన్ కానీ, రంగులరాట్నానికి కాస్త అవతల ఒక అంగడి ఉండి తీరుతుంది. నిలబెట్టిన చెక్క మీద వరుసగా ఊదిన బుడగలు, ముందొక బల్ల, దాని మీద రెండు గాలి తుపాకులు. ఓడిపోయినవాళ్లు పక్కకొచ్చి చెప్పేది ఒకటే మాట: "తుపాకి వంకర." చాలాసార్లు అది నిజమే. అయితే అంగడి నడిచేది ఆ వంకర మీద కాదు.

ఈ తుపాకి పూర్వీకులు యుద్ధాలు చేశారు. 1779 ప్రాంతంలో జిరార్డోని అనే పనివాడు రూపొందించిన గాలి తుపాకిని ఆస్ట్రియా సైన్యం వాడింది. మందు అక్కర్లేదు, పొగ రాదు, ఆగకుండా ఇరవై గుండ్ల దాకా పేల్చవచ్చు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, వెనకనున్న గాలిబుడ్డిని నింపాలంటే సిపాయి పంపును పదిహేను వందల సార్లు కొట్టాలి! యుద్ధంలో అంత తీరిక ఎవరికుంటుంది?

సైన్యం వదిలేసిన ఈ వస్తువు తర్వాత పిల్లల చేతికొచ్చింది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, ప్లిమత్ ఊళ్లో రైతులకు ఇనుప గాలిమరలు అమ్మే కంపెనీ ఒకటి ఉండేది. 1888 నుంచి అది చిన్న గాలి తుపాకులు చేసి, మర కొన్న రైతుకు ఊరికే ఇచ్చేది. జనం మరను వదిలేసి తుపాకి కోసం ఎగబడ్డారు. 1895లో కంపెనీ డైసీ అని పేరు మార్చుకుని తుపాకులతోనే స్థిరపడింది. రామగిరి కొండల మీది గాలిమరలను చూసినప్పుడల్లా నాకీ సంగతి గుర్తొస్తుంది.

మన అంగళ్లలో ఉండేది గొట్టం విరిచే రకం. గొట్టాన్ని కిందికి వంచితే లోపలి స్ప్రింగు ముడుచుకుని కొక్కేనికి తగులుకుంటుంది. మీట నొక్కగానే పిస్టన్ ముందుకు దూకి ఎదుటి గాలిని నొక్కేస్తుంది. ఆ గాలే 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండును తోస్తుంది. గొట్టం లోపలి వెడల్పు ఇంతకు మించక, గుండు శక్తి 20 జౌళ్లు దాటకపోతే మన దేశంలో 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు.

చిక్కంతా ఆ పిస్టన్‌తోనే. అది ముందుకు దూకుతుంటే తుపాకి వెనక్కి తంతుంది, అది ఆగగానే ముందుకు కుదుపుతుంది. గుండు గొట్టం దాటకముందే ఈ గొడవ మొదలైపోతుంది. గట్టిగా అదిమి పట్టుకుంటే గురి బాగుంటుందని మనం అనుకుంటాం. కానీ చేతి బిగువు రెండుసార్లు ఒకేలా ఉండదు కాబట్టి గుండు తలా ఒక చోటికి పోతుంది. ముందుచెయ్యిని కింద ఊరికే ఆనించి, తుపాకిని దాని మానాన కదలనిచ్చేవాడికే గుండ్లన్నీ ఒకచోట పడతాయి.

ఇక వంకర. గొట్టం విరిచి ఉండగానే ఎవడో మీట నొక్కుతాడు. గొట్టం ఎగిరొచ్చి ఠపీమని మూసుకుంటుంది, ఆ దెబ్బకు పైకి వంగుతుంది. అప్పటినుంచి గుండు పైపైకే పోతుంది. గురిచూసే ముక్కలు పక్కకు జరగడమూ మామూలే. రెంటి మధ్య దూరం 40 సెంటీమీటర్లు, బుడగ 4 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. కొసనున్న ముక్క 2 మిల్లీమీటర్లు జరిగితే గుండు 2 సెంటీమీటర్లు తప్పుతుంది. బుడగ వెడల్పు పది సెంటీమీటర్లయితే, నడిమికి గురిపెట్టినవాడికి అది ఇంకా పగులుతుంది! అంతకన్నా పెద్ద వంకరైనా అది ఎప్పుడూ ఒకవైపే లాగుతుంది. మొదటి గుండు చెక్క మీద ఎక్కడ తగిలిందో చూసి, రెండోది అంతమేర ఎదురుదిక్కుకు పెడితే సరి.

పక్కనున్న రింగులాటలో కిటుకు కొలతలో ఉంటుంది. 12 సెంటీమీటర్ల రింగు 6 సెంటీమీటర్ల డబ్బా చుట్టూ పడాలంటే దాని నడిమి బిందువు 3 సెంటీమీటర్లు అటూఇటూ తప్పినా పర్వాలేదు. డబ్బా 10 సెంటీమీటర్లదైతే ఒక్క సెంటీమీటరే. వెసులుబాటు మూడోవంతయితే రింగు దిగడానికి చోటు తొమ్మిదోవంతవుతుంది. మంచి బహుమతులు లావుగా ఉండేది ఊరికే కాదు.

తుపాకి అంగట్లో కిటుకు షరతులో ఉంది. పదికి పది పగిలితేనే బహుమతి. నూటికి తొంభై తగిలించేవాడు ఊళ్లో గట్టి గురికాడే, కానీ అతను కూడా పదీ పగలగొట్టేది నూటికి 35 సార్లే. ఎనభై తగిలించేవాడికి ఆ అవకాశం 11కు పడిపోతుంది, డెబ్బైవాడికి మూడు కూడా లేదు. పైగా చెక్క నిండుగా ఉన్నప్పుడు ఒకటి తప్పినా పక్కది పగులుతుంది, పోనుపోను సందులు పెరిగి ఆ అదృష్టమూ పోతుంది. ఎనిమిది పగిలాక అంగడాయన "శానా బాగా కొడితివన్నా" అంటాడు. అందులో అబద్ధమేమీ లేదు.

2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ 10 మీటర్ల గాలి తుపాకి పోటీలో కాంస్యం గెలిచాడు. గుండు అదే 4.5 మిల్లీమీటర్లు, లక్ష్యం నడిమి చుక్క అర మిల్లీమీటరు. తొలి దశలో అరవై గుండ్లకు అతనికొచ్చినవి 600కు 598. అరవైకి అరవై అనే షరతుంటే, ఆ రోజు అతనికీ బహుమతి లేదు.