నారల దిక్కెరిగిన సైకిలు

ఒక సైకిలుకై పది లక్షల రూపాయలు వెచ్చించుట యుక్తమా యని అడుగువారికి నేను తొందరపడి సమాధానము చెప్పజాలను. ఏలయన, ఆ వెలకు దొరకు వస్తువు ఏ పదార్థముతో ఎట్లు నిర్మింపబడినదో, దానిని ఎవరి దేహమునకు ఏ రీతిగా కుదుర్చుకొనవలెనో తెలియనంతవరకు అవుననుటయు కాదనుటయు రెండును అవిచారములే యగును. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు వెంబడి, సౌరఫలకముల కప్పు క్రింద, 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023లో తెరువబడెను. తెల్లవారుజామున అచ్చట ఇట్టి సైకిళ్లపై సాగిపోవువారిని చూచుట నేడు పరిపాటి యైనది. కారు వెలకు సమానమైన ధనమును రెండు చక్రములపై పెట్టినవారిలో పెక్కురు, అందులో నూరవ వంతైనను ఆ సైకిలును తమ శరీరమునకు సరిపరచుకొనుటకై వెచ్చింపకుండుట నాకు విచారకరముగా తోచుచున్నది.

ఇట్టి సైకిళ్లకు ప్రాణమగు కార్బన్ ఫ్రేమనగా పోతపోసిన గొట్టము కాదు. పాలీఆక్రిలోనైట్రైల్ అను కృత్రిమమైన నారను మొదట గాలిలో వేడిచేసి, పిదప ప్రాణవాయువు సోకని కొలిమిలో వేయి డిగ్రీల సెల్సియసునకు మించిన ఉష్ణమున కాల్చినప్పుడు, తక్కిన మూలకములు చాలవరకు వెడలిపోయి కర్బన పరమాణువులు వరుసలు దీరి మిగులును. అట్లు లభించు పోగు మందము 5 నుండి 7 మైక్రాన్లు, అనగా తలవెండ్రుకలో ఇంచుమించు పదవ వంతు. ఇట్టి పోగులను వేలకొలదిగా ప్రక్కప్రక్కన పరచి, ఎపాక్సీ రెజిన్ అను జిగురుతో తడిపి, పలుచని పత్రములుగా చేసి, ఆ పత్రములను వందలాది ముక్కలుగా కత్తిరించి, నేర్పరులైన పనివారు చేతులతో అచ్చులో ఒకదానిపై నొకటి పేర్చుదురు. లోపలినుండి గాలితిత్తి ఒత్తుచుండగా అచ్చును వేడిచేసినచో జిగురు గట్టిపడి, ఎనిమిది వందల గ్రాములైనను తూగని ఫ్రేము సిద్ధమగును.

ఇందలి రహస్యమంతయు పోగుల దిక్కునందే యున్నది. నిడివి వెంబడి లాగినచో ఉక్కును మించి ఓర్చుకొను పోగు, అడ్డముగా ఒత్తినప్పుడు జిగురు బలమునకు మించి ఓర్వజాలదు. పందిరి రాటగా నిలిచి బరువును మోయు వెదురుబొంగే కత్తివాదర తలపై తాకగనే నిలువున చీలిపోవుట ఎరిగిన మన పల్లెవారికి ఈ సంగతి క్రొత్తది కాదు. అందువలన నిర్మాత, వంపు కలుగు చోట పోగులను నిలువుగాను, మెలి పడు చోట 45 డిగ్రీల ఏటవాలుగాను పేర్చి, త్రొక్కిన బలము వృథా పోకుండ క్రింది గొట్టమును బిగువుగాను, రోడ్డు అదురు నడుమునకు సోకకుండ వెనుకటి సన్నని గొట్టములను కొంత లొంగునట్లుగాను తీర్చును. ఉక్కు ఏ దిక్కున లాగినను ఒకే ఉక్కు; దానితో ఇట్టి స్వాతంత్ర్యము లేదు. కాని ఈ స్వాతంత్ర్యమునకు ఒక షరతు గలదు. నిర్మాత ఊహించిన దిక్కున వచ్చు భారమును ఈ ఫ్రేము ఎంతైనను మోయును. ఊహింపని దిక్కున వచ్చు చిన్న దెబ్బకు చీలవచ్చును. ఆ దిక్కులను తెలిసికొనుటయే యజమాని విద్య.

పందెగాండ్రు సయితము ఈ పదార్థమును ఒక్కసారిగా నమ్మలేదు. 1986లో అమెరికా దేశీయుడగు గ్రెగ్ లెమాండ్ టూర్ ద ఫ్రాన్స్ పందెమును లుక్ అను ఫ్రెంచి సంస్థవారి కార్బన్ ఫ్రేముపై గెలిచెను గాని, దానిలో గొట్టములను కలుపు కీళ్లు మాత్రము అల్యూమినియపువే. 1992 బార్సిలోనా ఒలింపిక్సులో క్రిస్ బోర్డ్‌మన్, మైక్ బరోస్ ఊహించి లోటస్ సంస్థవారు నిర్మించిన ఏకఖండపు కార్బన్ సైకిలుపై 4000 మీటర్ల పందెమున స్వర్ణపతకము నొందినను, అది నున్నని ట్రాకు మీది విజయము. రాతిగుండ్లు పరచిన మోటు దారులలో సాగు పారిస్–రూబే పందెమును 1995లో ఫ్రాంకో బల్లెరీనీ కొల్నాగో సీ–40 అను కార్బన్ సైకిలుపై గెలిచిన పిమ్మటనే శంకలు చాలవరకు సడలెను. తేలికదనమునకై పోటీ హద్దు మీరకుండ, పందెపు సైకిలు 6.8 కిలోగ్రాములకు తగ్గరాదని అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య 2000 సంవత్సరమునుండి నియమించినది. నేడు ఆ బరువును అందుకొనుట కష్టము గాదు గావున, నిర్మాతల దృష్టి గాలిని చీల్చుకొని పోవు ఆకృతిమీదికి మరలినది; ఆ ఆకృతికై తీగలను, బ్రేకు గొట్టములను హ్యాండిలు లోపలినుండి పోనిచ్చు ఆచారము ప్రబలినది.

ఈ దాపరికమే కొనువారికి మొదటి చిక్కు. పూర్వము హ్యాండిలు మెడ (దానినే స్టెమ్ము అందురు) పొడవు సరిపడనిచో పావుగంటలో మార్చుకొనెడివారు. నేడు హ్యాండిలును స్టెమ్మును ఒకే ముక్కగా చేసి, హైడ్రాలిక్ గొట్టములను లోపల త్రిప్పిన సైకిళ్లలో ఆ మార్పునకై పెక్కుసార్లు గొట్టములు విప్పి, నూనె తీసి, మరల నింపవలసి వచ్చును; క్రొత్త ముక్క వెలయు తక్కువ కాదు. అందుచేత కొలతలు ముందు, కొనుగోలు తరువాత. రాయితీకి దొరకినదని ఒక సైజు పెద్ద ఫ్రేమును కొనుటకంటె, తగిన సైజులో తక్కువ శ్రేణి సైకిలును కొనుట వేయిరెట్లు మేలని నా దృఢాభిప్రాయము. 54, 56 అను సంఖ్యలు ఒక్కొక్క సంస్థలో ఒక్కొక్క తీరుగా నుండును. నమ్మదగినవి స్టాకు, రీచి అను రెండు కొలతలు. పెడలు ఇరుసు తిరుగు కేంద్రమునుండి ఫ్రేము ముందుతల ఎంత ఎత్తున నున్నదో స్టాకు చెప్పును, ఎంత ముందునకున్నదో రీచి చెప్పును.

సీటు ఎత్తునకు ఫ్రెంచి శిక్షకుడు సిరిల్ గిమార్ పద్ధతి యని చెప్పబడి, లెమాండ్ వలన ప్రసిద్ధికెక్కిన లెక్క యొకటి గలదు. పాదరక్షలు లేకుండ గోడకు ఆని నిలిచి, తొడల సందునుండి నేలవరకు కొలిచి, ఆ కొలతను 0.883తో గుణించినచో, ఇరుసు కేంద్రమునుండి సీటు పైభాగమువరకు ఉండవలసిన దూరము వచ్చును. కాలి కొలత 80 సెంటీమీటర్లైనచో సీటు ఇంచుమించు 70.6 వద్ద నిలుచును. ఇది ఆరంభము మాత్రమే. బూటు అడుగు మందము, క్రాంకు పొడవు, పిక్కల బిగువు ఇవన్నియు దానిని అటునిటు జరుపును. పెడలు అట్టడుగున నున్నప్పుడు మోకాలు 25 నుండి 35 డిగ్రీల వరకు వంగియుండుట మంచిదని సైకిలును దేహమునకు సరిపరచు ఫిట్టర్లలో పెక్కుర మతము. మోకాలిచిప్ప ముందు నొప్పి పుట్టినచో సీటు పల్లమైనదేమో యనియు, మోకాలి వెనుక లాగినచో మిట్టయైనదేమో యనియు మొదట అనుమానింపవలెను. చిటికెనవ్రేలు, దాని ప్రక్కవ్రేలు తిమ్మిరెక్కుట అల్నార్ అను నరము అరచేతిలో నలుగుచున్నదనుటకు గుర్తు. దేహభారము చేతులపై అతిగా పడుచున్నదన్నమాట. ఇట్టి బాధలను సహించుటయే శూరత్వమని భ్రమించి మోకాళ్లను పాడుచేసికొను యువకులను చూచినప్పుడు మనసు కలుక్కుమనును. ఫ్రేము చీలినచో మరొకటి దొరకును గాని, మోకాలు అట్టిది కాదు గదా! హ్యాండిలును మోయు నిలువు గొట్టమును సయితము దుకాణములో తొలిదినమే పొట్టిగా కోయింపరాదు. పైన కొన్ని వలయములు మిగిల్చి, కొన్ని నెలలు తొక్కి, ఎత్తు స్థిరపడిన పిదపనే కోయింపవలెను. కోసిన గొట్టమును పొడిగించుట ఎవరి తరమును కాదు.

బిగింపు విషయమున చేతి అంచనా ఇచ్చట పనికిరాదు. స్టెమ్ము బోల్టులపై సాధారణముగా 5 న్యూటన్ మీటర్లని ముద్రింపబడియుండును. ఆ అంకె వద్ద ఆగు టార్కు రెంచి లేనివాడు కార్బన్ సైకిలును ముట్టకుండుట శ్రేయస్కరము. సీటుపోస్టు జారుచున్నచో బోల్టును మరింత బిగించుట సహజముగా తోచు ఉపాయము గాని, అదియే గొట్టమును నలుగగొట్టు అడ్డపు భారము. గ్రీజు పూయక, ఇసుకవంటి సన్నని రేణువులు గల కార్బన్ పేస్టును పూసినచో తక్కువ బిగింపుతోనే పట్టు చిక్కును. మరమ్మతు స్టాండు దవడలలో పై గొట్టమును ఎన్నడును ఇరికింపగూడదు; సీటుపోస్టును పట్టించవలెను.

ఇక యజమానుల నిద్ర చెడగొట్టునది కిర్రుమను శబ్దము. బోలు గొట్టములగుండ ధ్వని నలుదిక్కుల ప్రాకును గావున చెవి మోసపోవును; సీటు కమ్మిలో పుట్టిన కిర్రు పెడలులో పుట్టినట్లు వినిపించును. విచారణ క్రమముగా సాగవలెను. సీటునుండి లేచి తొక్కినప్పుడు శబ్దము ఆగినచో దోషము సీటునందో సీటుపోస్టునందో యున్నది. తొక్కుట మాని హ్యాండిలును అటునిటు లాగినను వినిపించినచో స్టెమ్మును, హ్యాండిలు తిరుగు కీలగు హెడ్‌సెట్టును విప్పి తుడువవలెను. నిలుచుండి తొక్కినను ప్రతి త్రొక్కునకు పలుకుచున్నచో, ముందుగా పెడళ్లను, బూటు క్లీట్లను, పళ్లచక్రపు బోల్టులను, వెనుకచక్రపు ఇరుసును, గేరును మోయు హ్యాంగరును ఒక్కొక్కటిగా విప్పి, శుభ్రపరచి, బిగించి చూచిన పిమ్మటనే, పెడలు ఇరుసును ఫ్రేములో పట్టు బాటమ్ బ్రాకెట్టును నిందింపవలెను. మరలు లేకుండ బేరింగులను ఫ్రేములోనికి ఒత్తి కూర్చు పద్ధతిలో రంధ్రము వెండ్రుకవాసి వంకరగా నున్నను కిర్రు తప్పదు. ఈ బాధ పడలేక పెక్కు సంస్థలు టీ–47 అను మరల పద్ధతికి మరలినవి. నేను క్రొత్త ఫ్రేము నెంచుకొనువారికి మరలున్నదానినే సూచింతును.

గేర్లు తడబడినప్పుడు మొదట చూడవలసినది హ్యాంగరు. ఫ్రేమును కాపాడుటకై తాను వంగునట్లు మెత్తని అల్యూమినియముతో చేయబడిన ముక్క అది. సైకిలు కుడిప్రక్కకు ఒరిగిపడినచో చాలు, వంకరపోవును. షిమానో సంస్థ 2009లో డీఐ–2 అను విద్యుత్ గేర్లను, శ్రామ్ సంస్థ 2015లో తీగలేని ఈట్యాప్‌ను తెచ్చినది మొదలు బ్యాటరీయు పరిశీలింపవలసిన వస్తువైనది. శ్రామ్‌లో ముందు వెనుక గేర్ల బ్యాటరీలు ఒకే తీరువి గావున, దారిలో వెనుకటిది అయిపోయినచో ముందుదానిని తీసి పెట్టుకొని ఇల్లు చేరవచ్చును. చైను 0.5 శాతము సాగగనే మార్చినచో ఖరీదైన పళ్లచక్రములు మిగులును. బ్రేకులో షిమానోకు మినరల్ ఆయిలు, శ్రామ్ రోడ్డు బ్రేకులకు డాట్ ద్రవము; ఒకదానికి బదులు మరొకటి పోసినచో లోపలి రబ్బరు వలయములు చెడును. టైరు అంచును పట్టు హుక్కు లేని రిమ్ములపై 5 బార్ల పీడనమునకు మించరాదు. 28 మిల్లీమీటర్ల టైరుతో మన గతుకుల రోడ్లపై అంతకంటె అవసరమును లేదు.

విశాఖపట్టణము వంటి తీరనగరముల వారికి మరొక హెచ్చరిక. కార్బన్ విద్యుద్వాహకము; ఉప్పుగాలియో చెమటయో నడుమ చేరినచో దానిని తాకుచున్న అల్యూమినియము త్వరగా తుప్పుపట్టి, సీటుపోస్టు ఫ్రేములో ఊడిరాకుండ పట్టుకొనిపోవును. కొన్ని నెలలకొకసారి బయటకు తీసి, తుడిచి, పేస్టు పూసి దించినచో ఈ ఆపద రాదు.

పడిపోయిన సైకిలు సంగతి వేరు. లోహము సొట్టపోయి తన గాయమును చూపును. కార్బన్ పైకి నున్నగానే యుండి, లోపల పొరలు విడిపోవచ్చును. దెబ్బ తగిలిన చోటును, తగలని చోటును నాణెముతో మెల్లగా తట్టి చూచినచో, ఖణఖణమను ధ్వని మారి మొద్దుగా పలుకు చోటు అనుమానింపదగినది. రంగు మాత్రమే చిట్లెనో, పోగులు తెగెనో అల్ట్రాసౌండు పరీక్ష నిశ్చయించును. అంతవరకు దానినెక్కరాదు. చీలిన గొట్టము పనికిరానిదనుకొనుట తప్పు. తెలిసిన పనివాడు చెడిన పొరలను ఒక్కొక్కటిగా అరగదీయుచు, ఏ పొరలో పోగులు ఏ దిక్కున సాగినవో గుర్తించి, అదే దిక్కున క్రొత్త పొరలు పరచి, వేడిలో గట్టిపరచి, పూర్వపు బలమును తెప్పింపగలడు. ముందు ఫోర్కు, హ్యాండిలు విషయమున మాత్రము ఈ సాహసము కూడదు. అవి తెగినచో తొక్కువాడు ముఖముపై పడును గావున, అనుమానము కలిగిన దినముననే క్రొత్తవి కొని, పాతవానిని ఇతరులెవ్వరును ఎత్తుకొనిపోయి వాడకుండ రంపముతో రెండుగా కోసి పారవేయవలెను.