సముద్రపు వేడిమి - పక్షుల దాంపత్యము

మన కవులు దాంపత్యానురాగమునకు చక్రవాకమిథునమును ఉపమానముగా చెప్పుదురు. రాత్రి యెడబాటు, ఉదయమున కలయిక - ఇది కవిసమయము. కాని నెలల తరబడి యెడబాసి, ఏటేటా అదే గూటికడ అదే తోడును కలిసికొను పక్షులు లోకమున నిజముగానే యున్నవి. వానిలో ఆల్బట్రాస్ ముఖ్యమైనది.

దక్షిణ అట్లాంటిక్ సముద్రములో ఫాక్లాండ్ ద్వీపములు కలవు. నల్లకనుబొమల ఆల్బట్రాస్ జాతిలో సగమునకు మించిన పక్షులు అచటనే గూళ్లు కట్టును. తెల్లని తల, కంటిపై కాటుక దిద్దినట్టి చార, రెండు మీటర్లకు మించిన రెక్కల వెడల్పు ఈ పక్షి గుర్తులు. ఆడుపక్షి ఏడాదికి ఒకే గ్రుడ్డు పెట్టును. దానిని సుమారు 70 దినములు పొదుగవలెను; పిల్ల యెగురుటకు మరి నాలుగు నెలలు పట్టును. ఒకటి గూటిని కాచుచుండగా రెండవది దూరసముద్రమునకు పోయి మేత తెచ్చును. ఇది ఒంటిపక్షి ఈదగల సంసారము కాదు. కనుకనే పాత తోడును విడువకుండుట లాభము. ఒకదాని రాకపోకల వరుస రెండవదానికి అలవడి యుండును. క్రొత్త తోడును వెదకుటలో కాలము వ్యర్థమగును.

అయినను ఈ బంధము అప్పుడప్పుడు తెగుచుండును. రెండు పక్షులును బ్రతికియుండగా ఒకటి వేరొక తోడును చేరినచో శాస్త్రజ్ఞులు దానిని విడాకులందురు. మాట మనుష్యులది, పక్షి మనస్సులో ఏమున్నదో ఆ మాట చెప్పదు. సామాన్యముగా గ్రుడ్డు చెడినప్పుడో, పిల్ల చనిపోయినప్పుడో ఆడుపక్షి మరుసటి యేడు క్రొత్త జతను వెదకుకొనును.

ఫాక్లాండ్ ద్వీపములలోని న్యూ ఐలండ్‌లో పరిశోధకులు 15 సంవత్సరముల పాటు జతలను గమనించి, ఫలితములను 2021 లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించిరి. సాధారణముగా నూటికి 1 నుండి 3 జతలు మాత్రమే విడిపోవుచుండగా, సముద్రజలము మిక్కిలి వెచ్చనైన యేడులలో ఆ సంఖ్య 8 దాక పెరిగినది. విశేషమేమనగా, అట్టి యేడులలో పిల్లను చక్కగా పెంచిన జతలు సైతము హెచ్చుగా విడిపోయినవి.

నీటి వేడిమికిని పక్షుల కాపురమునకును సంబంధమేమి? పైనీరు వేడెక్కినచో అడుగునున్న చల్లని నీటితో చక్కగా కలియదు. అడుగునుండి పోషకద్రవ్యములు పైకి రావు. సూక్ష్మమైన నీటిమొక్కలు తగ్గును. వానిపై ఆధారపడిన చేపలును తగ్గును. మేతకై పక్షి మరింత దూరము పోవలెను. ఆలస్యముగా, నీరసించి తిరిగివచ్చును. అప్పటికి తోడు వేరొక జతను కూడియుండవచ్చును. లేదా, కరవువలన శరీరములో కలిగిన ఒత్తిడిని ఆడుపక్షి తన జత అసమర్థతగా ఎంచుచుండవచ్చునని పరిశోధకుల ఊహ.

ఫాక్లాండ్ పక్షులు నేటికి విస్తారముగానే యున్నవి. కాని ఏడాదికొక్క గ్రుడ్డు పెట్టు జాతులలో, సంఖ్య తక్కువైన చోట, తోడును వెదకుటలో గడచిన ప్రతి ఋతువును ఒక పిల్ల నష్టమే. మానవుడు బొగ్గును, నూనెను కాల్చుటవలన భూమిపై నిలిచిపోయిన అధికోష్ణములో నూటికి 90 పాళ్లకు మించి సముద్రములే గ్రహించుచున్నవి. మనము వెలిగించిన పొయ్యి వేడి, మన పేరైన ఎరుగని పక్షి గూటిదాక పోవుచున్నది.